దయ్యాల విందులో అత్తయ్యగారి ఫలహారం

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి అయిదేళ్ళు. ఈ 2026లో అక్టోబరు 31 శనివారం వచ్చింది కనుక, హాలోవీన్ సాయంత్రం వీధిలోకి మిఠాయిలకు వెళ్ళే ముందు ఎనిమిది మంది స్నేహితులను ఇంటికి పిలిచి 'భయపెట్టే భోజనం' పెట్టాలని పిల్లలిద్దరూ పట్టుబట్టారు. మాది శాకాహార కుటుంబం. వచ్చే పిల్లల్లో ఒకరికి జీడిపప్పు, వేరుశెనగ పడవు. తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అత్తయ్యగారు శనివారం రాత్రి అన్నం తినరు. పైగా, "పిల్లలు తినే తిండికి దయ్యాల పేర్లు, నెత్తుటి రంగులు ఏమిటమ్మా, అశుభం" అంటున్నారు. నేను వెతికిన వంటకాలన్నీ మాంసంతోనే ఉన్నాయి. పిల్లల సరదా తీరాలి, ఆవిడ మనసు నొచ్చుకోకూడదు, వండినది చెత్తబుట్టలో పడకూడదు. ఏం చేయమంటారు? — ఒక పాఠకురాలు

సమాధానం: మీరు చివర చెప్పిన చెత్తబుట్ట గురించే ముందు మాట్లాడతాను, ఎందుకంటే ఇలాంటి విందుల్లో ఎక్కువ వంట అక్కడికే చేరుతుంది. చాలా ఏళ్ళ క్రితం నేను కూడా మా పిల్లల కోసం ఇటువంటి విందు ఒకటి చేశాను. పిండిని వేళ్ళలా చుట్టి, కొసన బాదంపప్పును గోరులా అద్ది, మొదట్లో టమాటా సాస్ పూసి, తెగిన వేళ్ళలా పళ్ళెంలో పేర్చాను. చూడడానికి అవి ఎంత బాగా కుదిరాయంటే, ఒక చిన్న పాప బల్ల కింద దూరి ఏడ్చింది, మిగిలిన పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారే తప్ప ఒక్కరూ చెయ్యి చాచలేదు. చివరికి అందరికీ పెరుగన్నం కలిపి పెట్టి పంపించాను. భయం వేరు, అసహ్యం వేరు అన్న సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది. తెల్ల దుప్పటి కప్పుకున్న దయ్యాన్ని చూసి పిల్లవాడు కేరింతలు కొడతాడు, కాని తెగిన వేలిని నోట్లో పెట్టుకోడు. అందువల్ల మీ విందులో దయ్యాలు ఉండవచ్చు, సాలెపురుగులు ఉండవచ్చు, పురుగులు కూడా ఉండవచ్చు గాని, నెత్తురు, తెగిన అవయవాలు వద్దు. కంటికి ఎంత వింతగా ఉన్నా, నాలుకకు మాత్రం అది పిల్లలకు అలవాటైన రుచి కావాలి. అత్తయ్యగారి అభ్యంతరంలో సగం దీనితోనే తీరిపోతుంది, ఎందుకంటే ఆవిడ అన్నదానిలో నెత్తుటి రంగు గురించిన మాట నాకూ సమంజసంగానే తోస్తోంది.

మిగిలిన సగానికి ఒక కథ చెప్పండి. అక్టోబరు 31 అంటే క్రైస్తవులు నవంబరు 1న జరుపుకొనే సకల పునీతుల పండుగకు ముందు రాత్రి. నవంబరు 2 చనిపోయిన వారందరినీ తలచుకొనే రోజు. పూర్వం ఇంగ్లండులో ఈ రోజుల్లో పిల్లలు, పేదలు ఇంటింటికీ తిరిగి, ఆ ఇంట పోయిన వారి కోసం ప్రార్థన చేసి, బదులుగా చిన్న రొట్టెలు పుచ్చుకొనేవారు. భాద్రపద మాసంలో మహాలయ పక్షాలు పాటించి, పెద్దల అమావాస్యకు బియ్యం, కూరగాయలు దానమిచ్చే ఇంటివారికి, పోయినవారి పేరిట తిండి పెట్టడమనే ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇక గుమ్మడికాయ సంగతి. ఐర్లండులో పెద్ద ముల్లంగి వంటి టర్నిప్ దుంపను తొలిచి, దానికి భయంకరమైన ముఖం చెక్కి, లోపల దీపం పెట్టి, చెడు శక్తులు దగ్గరికి రాకుండా గుమ్మం దగ్గర ఉంచేవారు. అక్కడి వారు అమెరికాకు వలస వచ్చాక, టర్నిప్ కంటే తొలచడానికి సులువైన గుమ్మడికాయ చేతికి దొరికింది. కొత్త ఇంటి ముందు గుమ్మడికాయకు కోరలు, మీసాలు గీసి దిష్టికి వేలాడదీసే ఊరి నుంచి వచ్చిన ఆవిడకు ఇంతకు మించి వివరించనక్కరలేదు. వాకిట్లో పెట్టే ఆ కాయకు ముఖం ఎలా గీయాలో ఆవిడనే అడిగి చూడండి. ఈ దేశపు కత్తిరింపు నమూనాల కంటే మన దిష్టిబొమ్మ మీసాలు ఎన్నో రెట్లు భయపెడతాయని నా గట్టి నమ్మకం.

శనివారం నియమం మీకు అడ్డంకి అని మీరు అనుకుంటున్నారు గాని, నిజానికి అదే మీ పనిని సగం చేసి పెట్టింది. ఆ రాత్రి ఇంట్లో ఎలాగూ ఫలహారమే కనుక విందు మొత్తాన్ని ఇడ్లీ చుట్టూ అల్లండి, అప్పుడు పెద్దావిడ కోసం వేరే పొయ్యి వెలిగించనక్కరలేదు. న్యూజెర్సీలో ఆ రోజు సూర్యాస్తమయం దాదాపు ఆరు గంటలకు. గడియారాలు గంట వెనక్కి వెళ్ళేది ఆ రాత్రి గడిచాకే. పిల్లలు చీకటి పడుతూనే బయలుదేరతారు కాబట్టి నాలుగున్నరకు పళ్ళాలు బల్ల మీద ఉండాలి. కడుపు నిండిన పిల్లవాడు సంచిలోని చాక్లెట్లన్నీ దారిలోనే తినేయడు. ముసుగులు, కోటులు తిన్న తరువాతే వేయించండి. బీట్‌రూట్ చట్నీ మరక తెల్ల దయ్యం దుస్తుల మీద పడితే దాన్ని వదిలించడం మీ వల్లా నా వల్లా కాదు.

దయ్యాల ఇడ్లీకి ఇడ్లీ పాత్రలోని రేకులు పనికిరావు, వాటిలో చంద్రబింబాలు వస్తాయే గాని దయ్యాలు రావు. పొడవుగా ఉండి, అడుగున సన్నగా, పైకి పోను పోను వెడల్పుగా ఉండే చిన్న స్టీలు గ్లాసులు పది తీసుకోండి. లోపల నెయ్యి బాగా రాసి, పిండిని సగానికి కొంచెం పైదాకా మాత్రమే పోయండి, ఎందుకంటే బాగా పులిసిన పిండి ఆవిరికి పొంగి అంచు దాటుతుంది. లోతైన గిన్నెలో రెండు అంగుళాల నీరు మరిగించి, గ్లాసులను చిల్లుల పళ్ళెం మీద నిలబెట్టి, మూతకు గుడ్డ చుట్టి పెట్టండి. గుడ్డ లేకపోతే మూతకు పట్టిన నీరు పిండి మీద కారి, పైభాగం జిగురుగా మారుతుంది. మామూలు ఇడ్లీ పది నిమిషాల్లో ఉడికితే వీటికి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. పుల్ల గుచ్చి తీస్తే పిండి అంటకూడదు. దించిన వెంటనే తీయబోతే తల గ్లాసులోనే ఉండి మొండెం చేతికి వస్తుంది. అయిదు నిమిషాలు ఆగి, తడి చాకును అంచు చుట్టూ తిప్పి, పళ్ళెంలో బోర్లించండి. వెడల్పు భాగం కిందికి, సన్నని భాగం పైకి వచ్చి, దుప్పటి కప్పుకొని నిలబడ్డ మనిషిలా ఉంటుంది. కోనసీమలో పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు ఎరిగిన వారికి ఇడ్లీ నిలువుగా రావడం వింత కాదు. కళ్ళకు చాలామంది మిరియాలో లవంగాలో గుచ్చుతారు. దయచేసి ఆ పని చేయకండి, అయిదేళ్ళవాడు మిరియం కొరికాడంటే ఆ పూటకు విందు ముగిసినట్లే. నల్ల ఆలివ్ ముక్కలను చిన్నవిగా తరిగి, రెండు కళ్ళు, తెరిచిన నోరు పెట్టండి. మూడు ముఖాలు మీరు చేసి చూపించి, మిగిలినవి పిల్లలకు వదిలేయండి. ఏడుపు ముఖం దయ్యం, నిద్రపోయే దయ్యం, పళ్ళు లేని దయ్యం వాళ్ళే చేసుకుంటారు, తాము చేసిన దయ్యాన్ని తామే తింటారు.

పక్కన గుమ్మడికాయ సూప్ మీద సాలెగూడు ఉండాలి. దీనికి వాకిట్లో ముఖం చెక్కిన కాయ పనికిరాదు. చెక్కడానికి అమ్మే పెద్ద కాయల్లో నీరు, పీచు ఎక్కువ, తీపి తక్కువ. పైగా గంటల తరబడి బయట ఉన్న కాయను వండకూడదు కూడా. వంటకు షుగర్ పంప్‌కిన్ అని అమ్మే చిన్న కాయ తీసుకోండి. నాలుగు పౌండ్ల కాయను రెండుగా కోసి, గింజలు తీసి, కోసిన వైపు కిందికి వచ్చేలా బోర్లించి, 400 డిగ్రీల ఫారన్‌హీట్ వేడిలో ముప్పావు గంట కాల్చితే సుమారు మూడు కప్పుల గుజ్జు వస్తుంది. దానిలో రెండు కప్పుల నీరు, ఒక కప్పు పాలు, అంగుళం అల్లం వేసి మెత్తగా రుబ్బి, ఉప్పు, చిటికెడు మిరియాల పొడి చేర్చి, ఉల్లి, వెల్లుల్లి లేకుండా కాచండి. ఈ సూప్‌ను అరకప్పు చొప్పున పోస్తే అందరికీ సరిపోతుంది. గూడు వేయడానికి పెరుగును కొద్దిగా నీటితో చిలికి, సాస్ పోసే సీసాలో నింపి, సూప్ మీద ఒకదాని లోపల ఒకటిగా మూడు వృత్తాలు గీసి, పుల్లతో నడుమ నుంచి అంచులకు ఎనిమిది గీతలు లాగండి. ఈ పనిలో కిటుకంతా చిక్కదనంలో ఉంది. పెరుగు సూప్ కంటే గట్టిగా ఉంటే అడుగుకు పోతుంది, పలచగా ఉంటే మేఘంలా వ్యాపిస్తుంది. రెండూ ఒకే జారుగా ఉన్నప్పుడే గీత నిలుస్తుంది. ఇదే కారణంగా చారు మీద ఈ గూడు నిలవదు, ప్రయత్నించి భంగపడ్డాను. సూప్ మరుగుతున్నప్పుడు వేస్తే పెరుగు విరుగుతుంది కనుక పొగలు తగ్గాక వేయండి. తీసిన గింజలను కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరనిచ్చి, చెంచాడు నూనె, ఉప్పు, కొంచెం కారం పట్టించి, 325 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలు వేయిస్తే, పెద్దవాళ్ళకు అది చాలు.

పిల్లలకు అన్నం కూడా ఉండాలనుకుంటే, నారింజ రంగు క్యాప్సికం కాయలను చిన్న దీపాలుగా మార్చండి. తొడిమ వైపు మూతలా కోసి, గింజలు తీసి, చిన్న చాకుతో త్రికోణాల కళ్ళు, వంకర నోరు చెక్కాలి. చెక్కే పని పెద్దవాళ్ళదే. అన్నం కూరి అరగంట కాల్చమని చాలాచోట్ల రాస్తారు. అలా చేస్తే కాయ మెత్తబడి, నవ్వే ముఖం వాలిపోయి, పక్షవాతం వచ్చినట్లు అవుతుంది. ఖాళీ కాయలను బోర్లించి 375 డిగ్రీల వద్ద పది నిమిషాలు మాత్రమే కాల్చి, అప్పటికే వేడిగా కలిపి ఉంచిన పులిహోర నింపండి. పసుపు అన్నం కళ్ళలోంచి కనిపిస్తూ లోపల దీపం వెలుగుతున్నట్లే ఉంటుంది. పులిహోరలో వేరుశెనగ పప్పులకు బదులు శనగపప్పు ఎక్కువ వేయండి. ఇక్కడ మీ అలవాటు చెయ్యి పొరపాటు చేయగలదు కాబట్టి, వంట మొదలుపెట్టక ముందే పల్లీల డబ్బాను గరాజ్‌లో పెట్టి రండి. హాస్యానికి అనడం లేదు.

ఆ పడని విషయాన్ని ఇక్కడే ముగిస్తాను. ఆ బిడ్డ తల్లికి మీ వంటల జాబితా, వాడే పదార్థాలు రెండు రోజుల ముందే పంపి, ఆవిడ సరేనన్నవే చేయండి. వేరుశెనగ నూనె, పల్లీ చట్నీ, జీడిపప్పు తాలింపు, బాదంపొడి మన వంటింట్లో ఎక్కడెక్కడ దాగి ఉంటాయో మనకే గుర్తుండదు. చట్నీని పుట్నాలతో చేద్దామనుకున్నా సరే, అడిగి చేయండి. నల్లటి రంగు కోసం నల్ల నువ్వులు వాడాలనిపిస్తుంది. అయితే ఈ దేశంలో 2023 జనవరి నుంచి పొట్లాల మీద తప్పనిసరిగా ప్రకటించవలసిన తొమ్మిది ఎలర్జీ పదార్థాల్లో నువ్వులూ ఒకటి, కనుక దాన్ని కూడా అడిగే జాబితాలో చేర్చండి. ఇంటి ముందు నీలిఆకుపచ్చ రంగు గుమ్మడికాయ కనబడితే, అక్కడ ఎలర్జీ ఉన్న పిల్లలకు తినుబండారం కాని బహుమతులు దొరుకుతాయని అర్థం; 2014 నుంచి దేశమంతటా వ్యాపించిన ఆచారం ఇది. మీరూ ఒకటి పెడితే ఆ బిడ్డకు మీ ఇల్లు గుర్తుంటుంది.

తాగడానికి శంఖుపూల నీరు చేయండి. ఎండిన శంఖుపూలు భారతీయ, థాయ్ దుకాణాల్లో దొరుకుతాయి. పది పన్నెండు పూలను రెండు కప్పుల వేడినీటిలో అయిదు నిమిషాలు నాననిస్తే ముదురు నీలం దిగుతుంది. వడగట్టి, చల్లార్చి, చక్కెర కలిపి గాజు గ్లాసుల్లో పోసి, ప్రతి పిల్లకీ ఒక నిమ్మచెక్క ఇవ్వండి. రసం పిండగానే నీలం ఊదాగా మారుతుంది. పువ్వులోని రంగు పదార్థం పులుపు తగిలితే రూపం మార్చుకుంటుంది, అంతే. బల్ల దగ్గర దీనికి పడే అరుపులు మరి దేనికీ పడవు. ఇదే జాతి గారడీ ఒకటి అత్తయ్యగారి దగ్గరా ఉంది: పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్లు, పసుపు నీటిలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద సబ్బునీటితో రాస్తే ఎర్రటి అక్షరాలు తేలతాయి. వంటకాల పేర్లు ఆ కాగితాల మీద పిల్లలచేత రాయించండి, వాటిని ఎవరూ నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

పానీయంలోంచి పొగలు రావాలని మీ అమ్మాయి తప్పక అడుగుతుంది. అందుకు వాడే డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటుంది. ఒట్టి చేతికి తగిలితే చర్మం కాలినట్లవుతుంది, ముక్క మింగితే లోపల గాయమవుతుంది, మూత బిగించిన డబ్బాలో పెడితే డబ్బా పేలుతుంది. పదిమంది పిల్లలున్న గదిలో దానిని గ్లాసుల్లో వేయడానికి నేను ఒప్పుకోను. అలాగే వంటలు నల్లగా రావాలని బొగ్గుపొడి కలపమనే వాళ్ళు ఉన్నారు. అది మందులను ఒంటికి పట్టనివ్వదు. అత్తయ్యగారు రక్తపోటుకో చక్కెరకో మాత్రలు వేసుకుంటూ ఉంటే ఆ పొడి ఆ వంటింట్లోకే రాకూడదు. దుకాణంలో కొనే జెల్లీ కళ్ళు, పురుగులు చాలావరకు గెలటిన్‌తో చేసినవి, అంటే జంతువుల ఎముకలు, చర్మం నుంచి వచ్చినది; ఎరుపు రంగుల్లో కార్మైన్ అని ఉంటే అది పురుగుల నుంచి తీసినది. శాకాహారులు కొనే ముందు చీటీ చదువుకోవాలి. జెల్లీ కావాలంటే చైనా గ్రాస్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు, కాకపోతే దానిని నీటిలో బాగా మరిగించి కరిగించాలి, గోరువెచ్చని నీటిలో అది లొంగదు.

పురుగులు కొననక్కరలేదని నేను అనడానికి కారణం, మన వంటల్లోనే అంతకంటే మంచి పురుగులు ఉన్నాయి. వినాయక చవితికి చేసే పాలతాలికలను ఒక్కసారి మన పిల్లల కళ్ళతో చూడండి. సన్నగా, వంకరగా, బెల్లం రంగులో, చిక్కటి పాలలో మెలికలు తిరిగి ఉంటాయి. నడుమ సగ్గుబియ్యం కప్ప గుడ్లలా మెరుస్తూ ఉంటుంది. దీనికి పేరు కూడా మార్చనక్కరలేదు, "చెరువు అడుగున ఏముందో చూడండి" అని గిన్నె దించితే చాలు. మరిగే నీటిలో బియ్యప్పిండి పోసి ముద్ద చేసి, చేతికి నెయ్యి రాసుకొని, అరచేతుల నడుమ తాలికలు చేయడం అత్తయ్యగారికి అప్పగించండి. ఆవిడ వేళ్ళ నుంచి వచ్చినంత సన్నటి తాలిక మన జంతికల గొట్టం నుంచి రాదు. పిల్లలు పక్కన కూర్చొని లావు పురుగులు చేస్తారు, చేయనివ్వండి, కాకపోతే లావువి ముందు వేసి, సన్నవి తరువాత వేయాలి. బెల్లాన్ని విడిగా కరిగించి వడగట్టి, పొయ్యి ఆపి పాల వేడి కొంచెం తగ్గాకే కలపాలి, లేకపోతే పాలు విరిగి చెరువు నిజంగానే చెరువులా కనిపిస్తుంది. జీడిపప్పు వేయకండి. ద్రాక్షపళ్ళను కళ్ళుగా పెట్టాలనిపించినా, వచ్చే వాళ్ళలో నాలుగేళ్ళ లోపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే నిలువునా నాలుగు ముక్కలు చేయనిదే పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి.

వాకిట్లోని గుమ్మడికాయను ఒకటి రెండు రోజుల ముందే చెక్కండి. అంతకు ముందు చెక్కితే ముఖం ముడతలు పడి బూజు పడుతుంది. లోపల కొవ్వొత్తి కాకుండా బ్యాటరీ దీపం పెట్టండి, ఆ సాయంత్రం వాకిలి దాటేవారందరి దుస్తులూ వేలాడుతూ ఉంటాయి. బల్ల మీద మిగిలిన ఇడ్లీలు, సూప్, తాలికలు రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లోకి చేరాలి. అందువల్ల పిల్లలను వీధిలోకి తీసుకువెళ్ళే పని మీ వారికి అప్పగించి, మీరు ఇంట్లో ఉండండి. మిగిలిన దయ్యాలను మర్నాడు ముక్కలు చేసి ఉప్మాలా పోపు పెట్టుకోవచ్చు. ఇక అత్తయ్యగారి పళ్ళెం సంగతి: ఆవిడకు రెండు మామూలు ఇడ్లీలు, పక్కన చట్నీ, ఒక చిన్న గిన్నెలో తాలికలు ముందుగా తీసి ఉంచండి. ఆవిడ తనంతట తాను అడిగితే తప్ప, ఆ ఇడ్లీలకు కళ్ళు పెట్టకండి.